తడి గింజ చప్పుడు

రిబ్కా ఏడుస్తూ మెట్లెక్కి వచ్చేసరికి డిటెక్టివ్ వరప్రసాదం పునుగులు తింటున్నాడు.

"సాయంత్రంలోగా దొంగ దొరక్కపోతే మాణిక్యాంబగారు నన్ను పోలీసులకి అప్పజెప్తారంటండి!"

తెనాలిలో మాణిక్యాంబ రైసుమిల్లుకి ధాన్యం కొనాలో వద్దో తొంభై అయిదు నుంచీ కంప్యూటరే సలహా చెబుతోంది. తడి ఉందా లేదా అని ఒక్క మాటలో తేల్చేయదది. ఎండు, కొంచెం చెమ్మ, బాగా తడి అని మెట్లు మెట్లుగా తూచి, రంగూ నూకా కలిపి చెబుతుంది. ఆ సూత్రాలన్నీ ముప్పయ్యేళ్లుగా ధాన్యం చూస్తున్న బసవపున్నయ్యవి. ఆయన గింజ కొరికి, తడికి పదికి ఇన్నని మార్కులు చెబితే రిబ్కా కంప్యూటర్లో కొడుతుంది. అలా నగరం అనే ఊళ్లో కొన్న ధాన్యం గోడౌనులో వేడెక్కి మొలకెత్తింది. రిబ్కా లంచం తిని సూత్రాలు మార్చిందని నింద.

"యంత్రం పెద్దలది, తప్పు గుమాస్తాది. ఎక్కడైనా ఇంతేలే, పద" అన్నాడు వరప్రసాదం.

మిల్లులో అతని అసిస్టెంటు మార్కు, సూత్రాల కాగితాలు సరిచూశాడు. ఒక్క అక్షరం మారలేదు. చెడిన లోడ్లన్నీ పదో తారీకు తర్వాతవే. వరప్రసాదం మాత్రం బల్ల అద్దం కింద ఫోటోలు చూస్తున్నాడు. నిరుటి ఫోటోలో బసవపున్నయ్య నోరు బిగించుకున్నాడు. బాపట్లలో తొమ్మిదో తారీకున జరిగిన మనవరాలి పెళ్లి ఫోటోలో చెవులదాకా నవ్వుతున్నాడు. ఇప్పుడు వరప్రసాదం జంతికలిస్తే మాత్రం, "కడుపులో బాగాలేదబ్బాయ్" అన్నాడు.

వరప్రసాదం అందరినీ బస్తాల దగ్గరకు పిలిచి, ఒకే బస్తాలోంచి తలా ఒక గింజ ఇచ్చాడు.

"మెత్తగా నలిగిందండి. తడిదే" అన్నాడు హమాలీ మేస్త్రీ యలమంద.

బసవపున్నయ్య కొరికాడు. టక్! "ఎండు. పదికి ఒకటి."

"ఎలా చెప్పారు బాబాయ్?"

"ఎండుగింజ టక్‌మంటుంది, తడిది కిక్కురుమనదు. ఆమాత్రం తెలీదూ, నీ డిటెక్టివుతనం తగలెయ్య!"

"ఈసారి గింజ లేకుండా కొరకండి."

టక్!

యలమంద పడీపడీ నవ్వాడు. మార్కు నోరు తెరిచాడు.

"సూత్రాలూ మారలేదు, రిబ్కా వేళ్లూ తప్పలేదు" అన్నాడు వరప్రసాదం. "మారింది బాబాయ్ ముందుపళ్లు. పెళ్లికి కట్టించుకున్న పళ్ల సెట్టు వదులై, గింజ పలక్కపోయినా అదే పలుకుతోంది. కంప్యూటరు పాపం, ఈయన మాట నమ్మింది."

బసవపున్నయ్య సెట్టు తీసి జేబులో వేసుకుని, సొంత దవడ పళ్లతో ఇంకో గింజ కొరికాడు. చప్పుడు లేదు.

"పదికి ఎనిమిది. సిగ్గేసి చెప్పలేదు, క్షమించు తల్లీ" అన్నాడు రిబ్కాతో.

మాణిక్యాంబ రిబ్కా కళ్లు తుడిచి, కంప్యూటరు ముందు కుర్చీ తనే లాగి వేసింది.

"తప్పు నాదేనమ్మా. కూర్చుని ఇంకో సూత్రం ఎక్కించు. బాబాయ్ అందంగా నవ్విన రోజు ధాన్యం కొనకూడదు!"