సీటు కింది వైరు

గడ్డి కోసే బండికి మనుషుల మీద నమ్మకం తక్కువ. తాళం తిప్పినంత మాత్రాన పలకదు. బ్రేకు తొక్కావా అని చూస్తుంది, బ్లేడు ఆపి ఉంచావా అని చూస్తుంది, ఆఖరికి సీట్లో అసలు మనిషంటూ ఉన్నాడా అని కూడా చూస్తుంది. దానికోసం సీటు కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది. మనిషి కూర్చుంటే బరువుకి సీటు దిగి, ఆ స్విచ్ నొక్కుకుని, అప్పుడు ఇంజను స్టార్ట్ అవుతుంది. మనిషి దిగిపోతే ఇంజను ఆగిపోతుంది. ఎవరి కాలూ బ్లేడు కింద పడకూడదని పెట్టిన ఏర్పాటు అది. ఎక్కినవాడు ఎవడన్నది బండికి అక్కర్లేదు, బరువుంటే చాలు.

ఈ సంగతి దాన్ని బాగుచేసే మెకానిక్‌కి తెలిసినంత బాగా అది పనిచేసే క్లబ్బు మైదానంలో ఇంకొక్కరికే తెలుసు. ఆ బండి నడిపే ఆయన్ని అందరూ గడ్డి తాత అనేవాళ్లు. మెకానిక్ మాత్రం మావా అనేవాడు, ఆయన ఇతన్ని అల్లుడూ అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఇవ్వడానికి ఆయనకి కూతురూ లేదు, చేసుకోవడానికి ఇతనికి వయసూ లేదు. నోరారా పిలుచుకోవడానికి ఏదో ఒక వరస ఉండాలి కదా అని కలుపుకున్నారు.

తాత మరీ చీపురుపుల్లలా ఉండేవాడు. ఆయన కూర్చుంటే సీటు దిగేది కాదు, బండి ఆయన్ని మనిషి కింద జమకట్టేది కాదు. అందుకని మెకానిక్ తన పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, నిండా ఇసుక పోసి, రెండు మూతులూ కుట్టి ఇచ్చాడు. ఆ సంచి సీటు మీద వేసుకుని దాని మీద కూర్చుంటే తప్ప ఆయనకి బండి నడిచేది కాదు. బండి దగ్గర పరువు నిలబెట్టింది నీ ప్యాంటే అల్లుడూ అని నవ్వేవాడు.

నెలకి ఒకటి రెండుసార్లు ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది, బండి స్టార్ట్ అవడం లేదని. వెళ్లి చూస్తే సీటు కింద వైరు ఊడి ఉండేది. ఆ వైరు దానంతట అది ఊడదు, క్లిప్పు నొక్కి లాగితేనే వస్తుంది. మొదటిసారే మెకానిక్‌కి విషయం అర్థమైంది. తాతకి మాట్లాడే మనిషి కావాలి. ఇతనికి మాత్రం ఎవరున్నారు? భార్య పోయాక ఇంట్లో గొంతంటూ ఉన్నది ఫ్రిజ్ ఒక్కదానికే. కాబట్టి ఇతనూ నాటకంలో వేషం కట్టాడు. ముందు బ్యాటరీ, తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత పెట్రోలు, ప్లగ్గు, ఒక్కొక్కటీ తీరిగ్గా విప్పి చూసి, పొద్దుగూకే వేళకి సీటు లేపి, అరె, వైరు ఊడింది మావా అని ఆశ్చర్యపోయేవాడు. నాకు తట్టనే లేదు సుమా అని ఆయన నోరు తెరిచేవాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఏనాడూ బయటపడలేదు.

అలాంటిది ఈ వానలు మొదలైన దగ్గర్నుంచి ఫోన్లు ఆగిపోయాయి. మెకానిక్ కొన్నాళ్లు బెట్టుగా ఉన్నాడు. చివరికి ఉండబట్టలేక తనే చేశాడు. తాత గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"నాకు తోడు దొరికాడులే అల్లుడూ. బరువైన మనిషి."

తర్వాత మళ్లీ ఆ చిన్న గొంతే.

"నువ్వు మాత్రం ఇటు రాకు."

మెకానిక్‌కి మనసు చివుక్కుమంది. ఎవడో లావుపాటి అసిస్టెంటు వచ్చాడు కాబోలు, కొత్త చుట్టం దొరికేసరికి పాత చుట్టం చేదైపోయాడు అనుకున్నాడు. పంతం పట్టి మళ్లీ ఫోన్ చేయలేదు. ఆ పంతంలో ఉండగానే తాత పోయాడన్న కబురు వచ్చింది, అదీ ఆలస్యంగా. గుండె ఆగిందన్నారు. మైదానం ఆ చివర కంచె రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉన్నాడట. చెప్పులు ఇటు చివర, బండి నిలిపే షెడ్డులోనే ఉండిపోయాయట.

తాత పోయిన దగ్గర్నుంచి బండి స్టార్ట్ అవడం లేదని క్లబ్బు మేనేజరు ఫోన్ చేసినప్పుడు, మెకానిక్ వెంటనే వ్యాను తీశాడు. ఆ వ్యాను పక్క సీట్లో ఎప్పుడూ టూల్ బాక్సే కూర్చుంటుంది. బరువు తగిలితే చాలు, బెల్టు పెట్టుకోమని వ్యాను కీచుకీచుమంటూ ప్రాణం తీస్తుంది. అందుకని బాక్సుకి బెల్టు పెట్టి మరీ తీసుకెళ్తాడు. సంసారం లేనివాడికి ఆ మాత్రం ముచ్చట ఉండాలి.

మేనేజరు షెడ్డు తాళం చేతికిచ్చి ఇంటికి బయల్దేరుతుంటే, తాత కింద పనిచేసిన ఆ అసిస్టెంటు ఏమయ్యాడని అడిగాడు మెకానిక్.

మేనేజరు వింతగా చూశాడు. "అసిస్టెంటా? ఇక్కడ ముసలాయన తప్ప ఇంకెవరూ లేరండీ. ఎప్పుడూ లేరు."

అయితే అబద్ధం చెప్పాడన్నమాట. తనని వదిలించుకోవడానికి అబద్ధం ఆడాడు మావ. షెడ్డు వరకు నడిచినంత సేపూ మెకానిక్ ఆ మాటే తలుచుకున్నాడు.

షెడ్డు తలుపు తీయగానే కుళ్లిన పచ్చగడ్డి వాసన, పాత పెట్రోలు వాసన కలిసి మొహాన కొట్టాయి. రేకుల మీద సన్నగా వాన పడుతోంది. బయట ఇంకా వెలుతురుంది గానీ లోపల బల్బు వేస్తే తప్ప కనబడదు. బండి మధ్యలో ఉంది, ముక్కు గోడకి తిప్పి. బండి పక్కన ఎప్పుడూ తను కూర్చునే బోర్లించిన బకెట్టు అలాగే ఉంది. దాన్ని చూశాక అతనికి కోపం నిలవలేదు.

నేరుగా సీటు లేపి చూడొచ్చు. చూడబుద్ధి కాలేదు. ఈ పని అయిపోతే మళ్లీ ఈ షెడ్డుకి రావలసిన అవసరమే ఉండదు. అందుకని ఎప్పటిలాగే బ్యాటరీ దగ్గర మొదలుపెట్టాడు. మీటరు పెట్టి చూసి, బ్యాటరీ పిడిరాయిలా ఉంది మావా అని పైకే అన్నాడు. ఫ్యూజు తీసి వెలుతురుకి పెట్టి చూశాడు, బాగానే ఉంది. పెట్రోలు అడుగంటింది, పోశాడు. ప్లగ్గు విప్పి తుడిచి బిగించాడు. ఒక్కొక్క దానికీ తాత ఏమనేవాడో గుర్తుచేసుకుని ఆ సమాధానాలు కూడా తనే చెప్పుకున్నాడు. ఎవరైనా వింటే పిచ్చి పట్టిందనుకుంటారని తెలుసు. వినేవాళ్లు ఉంటే ఈ గొడవే లేదు కదా అనుకున్నాడు.

అప్పటికి పొద్దుగూకింది. ఇక తప్పదని సీటు లేపాడు.

వైరు ఊడి ఉంది.

మెకానిక్ బకెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. తనని రావద్దన్న మనిషే పోయేముందు తనకోసం వైరు ఊడదీసి పెట్టాడు. మేనేజరు తనకి తప్ప ఇంకెవరికీ ఫోన్ చేయడని ఆయనకి తెలుసు. ఇంతకంటే పిలుపేముంటుంది?

ఈసారి ఒక్క తేడా ఉంది. వైరు కొసలు రెండిటికీ నల్ల టేపు చుట్టి ఉంది. మామూలుగా కాదు, పొరలు పొరలుగా, గట్టిగా, ఎవరూ మళ్లీ కలపకూడదన్నట్టు. ముసలాడికి తీరిక ఎక్కువైంది అని నవ్వుకుని, కత్తితో ఆ టేపంతా కోసేసి, క్లిప్పు నొక్కి వైరు కలిపాడు.

సీటెక్కి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. హాయిగా, ఎప్పటిలాగే. టూల్ బాక్సు సర్దుకుందామని దిగాడు. దిగగానే ఇంజను తడబడింది. ఆగిపోబోయింది...

మళ్లీ అందుకుంది.

మెకానిక్ వెనక్కి తిరిగాడు. సీట్లో ఎవరూ లేరు. ఇంజను నెమ్మదిగా, నిలకడగా ఆడుతోంది. స్విచ్ ఇరుక్కుపోయి ఉంటుందని వంగి చూశాడు. ఇరుక్కోలేదు. సీటు దిగి ఉంది. దాని మీద రెక్సిన్ మధ్యలో లోతుగా గుంట పడి ఉంది, మనిషి కూర్చున్నప్పుడు పడే గుంట.

ముందు ఒళ్లు ఝల్లుమంది. ఆ వెనకే, ఎప్పుడూ లేనంత సంతోషం పుట్టుకొచ్చింది. నిజంగానే సంతోషం. ఇన్నాళ్ల తర్వాత...

"మావా," అన్నాడు మెల్లిగా.

ఇంజను ఒకసారి లేచి తగ్గింది.

బకెట్టు బండి దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఎన్నాళ్లుగానో దాచుకున్నదంతా చెప్పాడు. పంతానికి పోయి తప్పు చేశానన్నాడు. సాయంత్రమైతే ఇల్లు మీద పడి కరుస్తోందన్నాడు. కొన్ని రోజులు పొద్దుట్నుంచి రాత్రి దాకా నోరు విప్పే పనే ఉండదనీ, తన గొంతు తనకే కొత్తగా వినబడుతోందనీ చెప్పాడు. ఆ గుంట కదలకుండా విన్నది. వినే తోడు దొరికితే మనిషి ఎంత దూరమైనా పోతాడు. అతను చివరి మాట కూడా అనేశాడు.

"ఈ షెడ్డులో ఒక్కడివీ ఏం చేస్తావు? నాతో ఇంటికి వచ్చెయ్."

ఇంజను మళ్లీ లేచింది. ఈసారి తగ్గడానికి చాలాసేపు పట్టింది.

అప్పుడు చూశాడు. గోడకి మేకు, మేకుకి వేలాడుతూ తన జీన్స్ కాలు... ఇసుక సంచి. దాని మీద బూజు పట్టి ఉంది. మడతలో కందిరీగ గూడు కట్టి, పిల్లల్ని లేపుకుని, ఖాళీ చేసి కూడా పోయింది. ఎండిన మట్టి గూడు మాత్రం మిగిలింది. కొన్ని నెలలుగా దాన్ని ఎవరూ మేకు మీంచి తీయలేదు.

తాత పోయింది మొన్న మొన్న. అంతవరకు రోజూ గడ్డి కోశాడు. ఆ సంచి లేకుండా ఆయన కూర్చుంటే ఈ సీటు దిగదు. మరి ఇన్ని నెలలూ బండి ఎలా నడిచింది?

బరువైన మనిషి.

మెకానిక్ మెల్లగా సీటు వైపు చూశాడు. అతనూ బాగా లావుపాటి మనిషే. తను కూర్చున్నప్పుడు ఆ సీటు కింది స్ప్రింగు సగమే దిగుతుంది. ఇప్పుడది పూర్తిగా అణిగిపోయి ఉంది, చుట్టుకి చుట్టు ఆనుకుని. ఇనుము సన్నగా మూలుగుతోంది. బండి టైర్లు కూడా నేలకి నొక్కుకుపోయి ఉన్నాయి.

వైరు ఊడదీసింది తనని పిలవడానికి కాదు. ఆ టేపు తీరిక ఎక్కువై చుట్టింది కాదు. ఇటు రాకు అన్నది విసుగుతో కాదు. ముసలాయన చనిపోయేముందు దీన్ని ఆపడానికి ప్రయత్నించాడు. అల్లుడి క్షేమం కోరి దూరం పెట్టాడు. మెకానిక్‌కి ఏడుపు తన్నుకొచ్చింది, కానీ ఏడ్చే వ్యవధి లేదు.

లేచాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. చెయ్యి చాచి తాళం తిప్పాలి. చాచలేకపోయాడు. ఆ సీటు మీదుగా చాచాలి...

ఇంజను దానంతట అదే ఆగిపోయింది.

వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. అతను చూస్తుండగానే స్ప్రింగు పైకి లేచింది. మెల్లగా... మెల్లగా... ఒక్కో చుట్టూ విడుతూ. రెక్సిన్ మీద గుంట పూడింది.

దిగింది.

బండికీ అతనికీ మధ్య నేల మీద ఎండిన గడ్డి పరుచుకుని ఉంది. అది ఒక చోట నలిగింది. మరి కాస్త ఇవతల, ఇంకోచోట.

మెకానిక్ పరిగెత్తాడు. టూల్ బాక్సు వదిలేశాడు, తలుపు వదిలేశాడు. చెప్పు ఒకటి గుమ్మం దగ్గర జారిపోయింది, దానికోసం ఆగలేదు. వానలో తడుస్తూ వ్యానెక్కి, తలుపు వేసి, గడియ నొక్కి, తాళం తిప్పాడు. వ్యాను ఒక్క దెబ్బకే స్టార్ట్ అయింది. పక్క సీటు ఖాళీగా ఉంది. టూల్ బాక్సు లేకుండా ఆ సీటుని చూసి ఎన్నాళ్లయిందో. దేవుడా అనుకుని ఊపిరి వదిలాడు.

వ్యాను పక్కకి ఒరిగింది.

కీచు... కీచు... కీచు...

బెల్టు పెట్టుకోమని వ్యాను అడుగుతోంది. మెకానిక్ స్టీరింగు పట్టుకుని నేరుగా ముందుకే చూశాడు. అద్దం మీద వాన తుడిచే పుల్లలు అటూ ఇటూ ఆడుతున్నాయి. ఇంటికి రమ్మన్నది తనే. నోరారా పిలిచాడు.

టక్‌మని బెల్టు పడిన చప్పుడు వినబడింది. కీచుమనడం ఆగిపోయింది.

ఆ తర్వాత పక్క సీటు కటకటమంటూ ఒక్కొక్క గాటే దాటుకుంటూ వెనక్కి జరిగింది. కాళ్లు చాచుకోవడానికి చోటు సరిపోనట్టు, చివరి గాటు దాకా జరిగింది.