తల తగలని ఇద్దరు

శవం పడవలో ఉంది. పడవ మాత్రం నీళ్ళలో లేదు.

జగ్గయ్యపేట పొలిమేరలో, హైవే పక్కన, ఎప్పుడో మూతపడ్డ జిన్నింగ్ మిల్లు షెడ్డు అది. ఒకప్పుడు పత్తి గుట్టలు పోసిన చోట, ఇప్పుడొక తెల్లటి తెరచాప పడవ ట్రైలర్ మీద నిలబడి ఉంది. తెరచాప కొయ్య విప్పి పక్కన పడేశారు. గాలి వీచినప్పుడల్లా గోడల సందుల్లోంచి పాత పత్తి నూగు లేచి దాని మీద వాలుతోంది.

ఎస్.ఐ. కృపాజ్యోతి నిచ్చెనెక్కి క్యాబిన్‌లోకి దిగబోయింది. నుదురు ఠపీమని దేనికో కొట్టుకుంది.

"జాగ్రత్త మేడమ్, అక్కడో దూలం ఉంది." లోపలి నుంచి హెడ్ కానిస్టేబుల్ శాంతయ్య గొంతు. ఆయనా నుదురు రుద్దుకుంటున్నాడు. "మెట్లలో మధ్యది కూడా లేదు. చూసి దిగండి."

మెట్ల కింద బెన్ని వెల్లకిలా పడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఊరు చెవిటికల్లు. నేవీలో రిటైరై వచ్చాక, పాత పడవలు కొనేవాళ్ళకు వాటిని పరీక్ష చేసి మంచీ చెడూ చెప్పడం ఆయన పని. తల వెనక లోతైన గాయం. ఇంజన్ పెట్టె అంచున ఎండిన నెత్తురు.

"కాలు జారినట్టుంది మేడమ్," అన్నాడు శాంతయ్య.

కృపాజ్యోతి వంగి ఇంజన్ పెట్టె అంచును పరిశీలించింది. హైవే మీద సిమెంటు లారీ ఒకటి పోయింది. ట్రైలర్ వణికింది. పడవ గోడలో ఎక్కడో ఎవరో వేలి కణుపుతో కొట్టినట్టు టక్, టక్ మని రెండు చప్పుళ్ళు వినిపించాయి. ఆమె చుట్టూ చూసింది.

కింద పడవ ఓనరు బుల్లిబాబు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

"శవాన్ని చూసింది మీరేనా?"

"నేనేనండీ. పొద్దున్నే షెడ్డుకొచ్చి, పడవ తలుపు తీసి చూస్తే..."

"తలుపు మూసి ఉందా?"

"గడియ పెట్టుందండీ."

"ఎటువైపు?"

"బయట్నించేనండీ."

కృపాజ్యోతి శాంతయ్య వంక చూసింది. జారిపడి చచ్చిపోయిన మనిషి లేచొచ్చి బయట గడియ పెట్టుకోడు.

బుల్లిబాబు హార్బర్లలో వాడి వదిలేసిన పడవలు కొని, రంగులేసి, హైదరాబాదు వాళ్ళకు అమ్ముతాడు. అద్దె తక్కువని ఈ షెడ్డు తీసుకున్నాడు. నిన్న మధ్యాహ్నం బెన్నికి తాళం ఇచ్చి నందిగామలో పెళ్ళికి వెళ్ళాడట. రాత్రి పొద్దుపోయేదాకా అక్కడే ఉన్నాడని పెళ్ళివారూ చెప్పారు.

"ఈ పడవ ఎక్కడ కొన్నారు?"

"కాకినాడ బ్రోకరు దగ్గరండీ. చాలా చేతులు మారింది. కాయితాలు సరిగా లేవు, అందుకే చవగ్గా వచ్చింది." బుల్లిబాబు గొంతు తగ్గించాడు. "సాయంత్రమైతే లోపల మనిషున్నట్టు ఉంటది మేడమ్. మా రంగులేసే వాళ్ళు పొద్దుగూకాక దీన్లోకి దిగరు."

"కొనేదెవరు?"

"నందిగామ పళ్ళ డాక్టరు సింధూర గారు."

* * *

సింధూరకు ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆమె భర్త నవీన్‌బాబు మూడేళ్ళ క్రితం సముద్రంలో పోయాడు. స్నేహితుడు కల్యాణ్‌తో కలిసి కాకినాడ నుంచి బందరుకు తమ పడవలో వస్తుంటే గాలివాన పట్టుకుంది. బందరు దగ్గర పడవ మునిగింది. కల్యాణ్ ఒక్కడే ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఎంత వెతికినా నవీన్ శవం కూడా దొరకలేదు.

"మళ్ళీ పడవెందుకండీ?" అని అడిగింది కృపాజ్యోతి.

"రేవు రేవూ ఆగుతూ రామేశ్వరం దాకా వెళ్దామనుకున్నామండీ, ఇద్దరం. ఆయనతో పాటు నేనూ నడపడం నేర్చుకున్నా. కొత్తది కొనే స్తోమత లేదు. అప్పటి మా పడవ ఫొటోలు చూపించి, అలాంటి మోడలే పాతది వెతికిపెట్టమని బెన్ని గారిని అడిగా. అవి మన దగ్గర అరుదు. ఇప్పటికి రెండు చూసి వద్దన్నారు. ఒకదాని డెక్కు మెత్తబడిపోయింది. రెండోదానికి అడుగు బోల్టులు తుప్పు. పై రంగు చూసి మోసపోవద్దు, సుత్తితో కొట్టి చప్పుడు వినాలి, రంగు గీకి కింద ఏముందో చూడాలి అనేవారు. ఇది మూడోది."

"దీన్లోకి మీరు ఎక్కారా?"

"లేదండీ. మొన్న వచ్చినప్పుడు నిచ్చెన లేదు. కింద నుంచే చూసి వెళ్ళిపోయా."

"బెన్ని గారి సామాన్లు గుర్తుపట్టాలి. రండి."

షెడ్డులో కరెంటు లేదు. క్యాబిన్‌లో చీకటి. సింధూర ముందు దిగింది. దూలం దగ్గర తల వంచింది. లేని మెట్టును దాటి కాలు వేసింది. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. వెనకే వచ్చిన కృపాజ్యోతికి, తెలిసి తెలిసీ, దూలం మళ్ళీ తగిలింది.

సింధూర చెయ్యి ఎడమవైపు బల్ల కిందికి వెళ్ళింది. అక్కడో చిన్న గూడు. వేళ్ళు దాన్ని తడుముతున్నాయి.

"ఏం వెతుకుతున్నారు?"

"అగ్గిపెట్టె..."

"అక్కడ అగ్గిపెట్టె ఉంటుందని మీకెవరు చెప్పారు?"

సింధూర చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏమో. తెలీదు. మేడమ్, ఇక్కడ నవీన్ ఉన్నాడు. నాకు పిచ్చి పట్టిందనుకోకండి. ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉన్నాడు."

ఆమె ఆ బల్ల మీదే కూలబడి ఏడ్చింది.

"అబద్ధం చెప్తోంది మేడమ్," అన్నాడు శాంతయ్య, ఆమెను కారెక్కించాక. "ముందే వచ్చి చూసుకుపోయింది. ఎక్కని మనిషికి ఆ గూడు ఎలా తెలుస్తుంది?"

అదే ప్రశ్న కృపాజ్యోతినీ వదల్లేదు. కానీ పోస్ట్‌మార్టమ్ రిపోర్టు ప్రకారం బెన్ని చనిపోయింది సాయంత్రం నాలుగుకీ ఆరుకీ మధ్య. ఆ వేళ సింధూర తన క్లినిక్‌లో వీరులపాడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పన్ను పీకుతోంది. బయట నలుగురు పేషెంట్లు ఎదురుచూస్తున్నారు.

బెన్ని ఫోన్ నుంచి చివరి కాల్ కల్యాణ్‌కు వెళ్ళింది.

కల్యాణ్‌కు నందిగామలో ట్రాక్టర్ల షోరూమ్ ఉంది. నవీన్ పోయిన దగ్గర నుంచీ సింధూరకు ఏ అవసరం వచ్చినా ముందుండేది అతనే. అన్నయ్యా అని పిలుస్తుంది. కబురు పంపకుండానే స్టేషన్‌కు వచ్చాడు. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. నిద్ర సరిగా లేని మనిషని చూడగానే తెలుస్తోంది.

"బెన్ని ఎందుకు ఫోన్ చేశాడు?"

"పడవ బాగాలేదు, ఆ అమ్మాయికి మీరైనా చెప్పండి అన్నాడండీ. నేను మొదట్నుంచీ వద్దనే చెప్తున్నా."

"పడవను మీరు చూశారా?"

"లేదండీ. ఆ షెడ్డు ఎక్కడుందో కూడా నాకు తెలీదు."

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"కీసరలో కస్టమర్ దగ్గరికి బయల్దేరి, తలనొప్పిగా ఉంటే మధ్యలోనే వెనక్కొచ్చేశా."

* * *

మర్నాడు ఉదయం కృపాజ్యోతి ఒక్కతే షెడ్డుకు వెళ్ళింది. పడవ చుట్టూ నెమ్మదిగా తిరిగింది. సింధూర అబద్ధం చెప్పడం లేదనుకుంటే? ఎక్కని పడవ ఒంటికెలా గుర్తుంటుంది?

వెనక భాగాన, చుక్కాని పక్కన ఆగింది. పడవంతా పత్తి నూగు. ఊదితే ఎగిరిపోతోంది. ఒక్కచోట మాత్రం, అరచెయ్యంత మేర, ఎంత ఊదినా కదల్లేదు. వేలితో రాసింది. నూగు రంగులో కూరుకుపోయి ఉంది. రంగు పచ్చిగా ఉన్నప్పుడు వాలింది. పడవకు రంగులేసి నెల దాటిందని బుల్లిబాబు చెప్పాడు. ఈ అరచెయ్యంత మేర మాత్రం నిన్నో మొన్నో వేసింది.

తాళం చెవితో గీకింది. తెలుపు కింద నీలం తేలింది. ఆ నీలం మీద, ఏదో పేరులోని ఒక అక్షరం వంపు.

ఫోన్ తీసింది. "సింధూర గారూ, మునిగిపోయిన మీ పడవ రంగేమిటి?"

"నీలమండీ. ఎందుకు?"

కృపాజ్యోతి ఫోన్ దించింది. వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

* * *

ఆ మధ్యాహ్నమే ముగ్గురినీ షెడ్డుకు రప్పించింది. సింధూర, కల్యాణ్, బుల్లిబాబు.

"ఒక్కొక్కరే లోపలికి దిగండి. ముందు మీరు, బుల్లిబాబు గారూ."

బుల్లిబాబు దిగాడు. ఠపీమని చప్పుడు. "అబ్బా! ఎన్నిసార్లు దిగినా ఈ దూలం నన్నొదలదండీ!"

"ఇప్పుడు మీరు, కల్యాణ్ గారూ."

కల్యాణ్ ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత దిగాడు. అతని మనసు ఎక్కడో ఉంది. తల దానంతటదే వంగింది. లేని మెట్టును దాటి కాలు పక్క అంచు మీద పడింది. చప్పుడు లేదు.

సింధూర అది చూసింది. ఆమె చేతులు పడవ అంచును పట్టుకున్నాయి.

కృపాజ్యోతి వాళ్ళ వెనక దిగింది. ఈసారి వంగి.

"నాకు రెండుసార్లు తగిలింది. ఓనరుకి ఇప్పటికీ తగులుతోంది. ఇద్దరికి మాత్రం తగల్లేదు. ఎప్పుడూ ఎక్కలేదన్న సింధూర గారికి, షెడ్డే తెలీదన్న మీకు. ఒకసారి ఎక్కినంత మాత్రాన ఇలా అలవాటు కాదు. వారం వారం ఎక్కిన పడవైతేనే చీకట్లో కూడా తల వంగుతుంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఇది తన పడవేనని ఆవిడకు తెలీదు. ఒంటికి తెలుసు. మునిగిపోయిందని ఆవిడకు చెప్పిందెవరు కల్యాణ్ గారూ?"

కల్యాణ్ చూపు మెట్ల వైపు మళ్ళింది.

"బెన్ని రంగు గీకాడు. నీలం కనిపించింది. ఫొటోల్లో చూసిన పడవేనని అనుమానమొచ్చింది. కానీ ఆ అమ్మాయికి చెప్పే ముందు, దీన్లో ప్రయాణం చేసిన మనిషిని అడుగుదామని మీకు ఫోన్ చేశాడు. మీరొచ్చారు. తర్వాత ఆ చోట మళ్ళీ తెల్లరంగు పూశారు. షెడ్డులోని రంగు డబ్బా మూత మీద వేలిముద్రలున్నాయి. పోల్చి చూస్తే తేలిపోతుంది."

"చంపాలని చెయ్యలేదు," అన్నాడు కల్యాణ్. "సింధూరకి చెప్పొద్దని బతిమాలా. చెప్పి తీరాలన్నాడు. మెట్లెక్కి వెళ్ళిపోతుంటే చొక్కా పట్టి వెనక్కి లాగాను."

"గడియ?"

"చూళ్ళేక పెట్టేశా."

సింధూర మెట్ల మీదకొచ్చి నిలబడింది. "అన్నయ్యా, పడవ మునగలేదా?"

"లేదమ్మా."

"మరి నవీన్?"

కల్యాణ్ బల్ల మీద కూర్చుండిపోయాడు. "తెరచాప దించడానికి ముందుకెళ్ళాడు. అల కొట్టింది. పడిపోయాడు. పడవ తిప్పాలి. నాకు నడపడం సరిగా రాదు. తిప్పితే బోర్లా పడుతుందని భయమేసింది. ఆ గాలికే వదిలేశా. పడవ ఒక కాలవలోకి కొట్టుకుపోయింది. బాగున్న పడవతో ఇంటికొస్తే, వెనక్కెందుకు తిరగలేదని నువ్వు అడుగుతావు కదా. అందుకే ఎవడికో తక్కువకి ఇచ్చేసి, మునిగిందన్నా."

"పిలిచాడా?"

"పిలిచాడు."

"నిన్నేనా?"

"నా పేరు పెట్టి పిలిచాడు సింధూరా. చాలాసేపు. ఇప్పటికీ వినపడుతూనే ఉంది."

కృపాజ్యోతే మళ్ళీ అడిగింది. "అది జరిగింది బందరు దగ్గరేనా?"

కల్యాణ్ తల అడ్డంగా ఊపాడు. "కాదు. అంతర్వేది దాటగానే. పడవ అమ్మిన వైపు ఎవరూ రాకూడదని బందరన్నా."

కృపాజ్యోతి పైన నిలబడ్డ శాంతయ్య వైపు తిరిగింది. అంటే మూడేళ్ళ క్రితం అన్ని పడవలూ, అంతమంది మనుషులూ వెతికింది నవీన్ లేని చోట.

* * *

ఆ తీరంలోని స్టేషన్లకు ఆ సాయంత్రమే కబురు వెళ్ళింది. జవాబు రెండు రోజుల్లో వచ్చింది. ఆ గాలివాన తర్వాత ఒక మత్స్యకార గ్రామం దగ్గర గుర్తు తెలియని మగ శవం ఒడ్డుకు చేరింది. ఎవరూ రాకపోతే ఊరివాళ్ళే సరుగుడు తోటలో పాతిపెట్టారు.

తహసీల్దారు ఎదుట తవ్వించినప్పుడు కృపాజ్యోతి సింధూరను దూరంగా ఉండమంది. ఆమె వినలేదు. వంగి, దవడ చూసింది. కుడివైపు పంటికి తొడుగు ఉంది.

"ఇది నేను వేసిందే," అంది. డీఎన్‌ఏ రిపోర్టు తర్వాత వచ్చి అదే మాట చెప్పింది.

తోట చివర ఒక ముసలామె నిలబడి ఉంది. పేరు సీతారావమ్మ. శవాన్ని ముందు చూసింది ఆమేనని, ముఖాన ఇసక కడిగింది ఆమేనని ఊరివాళ్ళు చెప్పారు. సింధూర వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

ముసలామె ఆమెను ఇసకలోనే కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"ఏటా కార్తీకంలో ఇక్కడో దీపం పెడతానమ్మా. ఎవరి బిడ్డో ఏమో. బాబూ అని పిలుస్తుంటా, పేరు తెలీక." ఆమె సింధూర ముఖంలోకి చూసింది. "పేరేంటమ్మా?"

"నవీన్‌బాబు," అంది సింధూర.

సీతారావమ్మ మట్టి వైపు తిరిగి, నోరు అలవాటు చేసుకుంటున్నట్టు, ఆ పేరు నెమ్మదిగా పలికింది.