పక్క సీట్లో నాన్న

స్కూలు వ్యాను తలుపు తీసి మూసేది ఆమే కాబట్టి పిల్లలందరూ ఆమెను డోరక్క అంటారు. వ్యాను నడిపేది వాళ్ళ నాన్న. ఆయన్ని మాత్రం మర్యాదగా వ్యాన్ అంకుల్ అంటారు. ఎవరిది పెద్ద ఉద్యోగమో, ఎవరిది చిన్నదో పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఆ రోజు పొద్దున కూడా ఎప్పటిలాగే నాన్న అద్దాలు తుడిచాడు. డోరక్క సీట్ల కింద చెయ్యి పెట్టి ముందురోజు పిల్లలు మర్చిపోయిన ఆస్తులన్నీ బయటికి లాగింది. ఒంటి సాక్సు, సగం కొరికిన బిస్కెట్టు, ఎవరిదో పెన్సిలు మూత. అమ్మ గుమ్మంలోంచి ఇద్దరికీ టీ అందించింది. ఆమె ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. డ్యూటీ మధ్యాహ్నం నుంచే అయినా, వీళ్ళిద్దర్నీ సాగనంపేదాకా ఆమెకు కుదురుండదు.

"ఏమే అమ్మడూ, మన గరుకుగాడి కొత్త పాటలొచ్చాయటగా, విన్నావా?" అన్నాడు నాన్న హుషారుగా.

"లేదు నాన్నా. నీతో కలిసి విందామని ఆగాను."

గరుకు అంటే ర్యాప్ పాడే కుర్రాడు. గొంతు గరుకు కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాడు. మొదట్లో కూతురు అతని పాటలు పెడితే నాన్న "ఇదేం పాటే, ఎవరితోనో తగువు పడుతున్నట్టుంది" అని విసుక్కునేవాడు. ఒకసారి 'రోడ్డు నీదే' అనే పాట విన్నాడు. అంతే, బుట్టలో పడ్డాడు.

అడగకు చెల్లీ, తాళం నీదే
తలుపు నీదే, రోడ్డు నీదే
ఎర్రదీపం వాళ్ళ నోట్లో
పచ్చదీపం నీ కంట్లో

ఆ పాట పెట్టుకునే నాన్న ఆమెకు వ్యాను నడపడం నేర్పాడు. సెలవురోజుల్లో ఖాళీ మైదానంలో మొదలుపెట్టి, సందుల్లోకి, ఆ తర్వాత పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. ఆమె స్టీరింగు పట్టుకుంటే ఆయన పక్క సీట్లో కూర్చుని, ఎదురుగా కోడిపిల్ల కనిపించినా కుడికాలు నేలకేసి తొక్కేవాడు. అక్కడ బ్రేకు లేదని ఆయనకు తెలుసు, ఆయన కాలికే తెలియదు. తొక్కీ తొక్కీ అటువైపు రబ్బరు మ్యాటు ఒక్కచోట అరిగి పల్చబడిపోయింది. దానికి అమ్మ 'నాన్న బ్రేకు' అని పేరు పెట్టింది. వ్యాను లైసెన్సు చేతికొచ్చిన రోజు ఆయన పిల్లలందరికీ చాక్లెట్లు పంచి, "స్కూలు వాళ్ళు రెండో వ్యాను కొంటే అది మా అమ్మాయిదే" అని ప్రతి గేటు దగ్గరా ఆగి మరీ చెప్పాడు.

ఆ రెండో వ్యాను ఈమధ్యే వచ్చి స్కూలు ఆవరణలో తెల్లగా మెరుస్తూ నిలబడింది. నాన్న నోట ఆ మాట ఎప్పుడొస్తుందా అని డోరక్క ఎదురుచూస్తోంది. అడిగి చెప్పించుకోవడం ఇష్టంలేక ఊరుకుంది.

ఈ వ్యానుకు హారన్ అవసరం లేదు. మొదటి పిల్ల ఎక్కగానే 'రోడ్డు నీదే' పాట మొదలవుతుంది. రెండో చరణం వినబడిందంటే కళ్ళజోడు బాబు వాళ్ళ ఇల్లు. పాట ఎక్కడిదాకా వచ్చిందో విని తల్లులు బూటు లేసులు కట్టడంలో వేగం పెంచుతారు. కానీ ఆ పొద్దున నాన్న కొత్త పాట పెట్టాడు. దరువు అదిరిపోయింది. సగం దారికొచ్చేసరికి పిల్లలందరికీ నోటికొచ్చేసింది.

చక్రం నాది, దారి నాది
పక్క సీటే చాలే నీకు
నోరు మూసుకు కూర్చున్నావా
నువ్వే రాణివి నా కారుకు

ముందు సీటు పిల్లలకు వంతులవారీగా దక్కుతుంది. ఆ రోజు వంతు బోసిపాపది. ముందుపళ్ళు ఊడినా వ్యాను మొత్తానికీ అందరికంటే గట్టిగా పాడేది ఆ పిల్లే. వెనక నుంచి కళ్ళజోడు బాబు మెడ చాచి, "పాపా, పక్క సీట్లో ఉన్నావుగా, నోరు మూసుకు కూర్చో!" అన్నాడు. వ్యానంతా గొల్లున నవ్వింది. బోసిపాప కూడా నవ్వబోయి, ఎందుకో ఆగి, పెదాలు బిగించుకుంది. ఇక స్కూలు వచ్చేదాకా పాడలేదు.

డోరక్క ముందుకు వంగి పాట ఆపేసింది. నాన్న మళ్ళీ పెట్టాడు.

"ఆపు నాన్నా."

"పాటే కదే! దరువు చూడు, ఎంత బాగుందో."

స్కూలు గేటు దగ్గర పిల్లల్ని దింపుతుంటే చిన్నపిల్లలకు చెయ్యందించే ఆయమ్మ నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"అమ్మాయీ, రెండో వ్యానుకి మీ బావ వస్తున్నాడటగా! మీ నాన్న ఆఫీసులో పేరిచ్చి వెళ్ళాడు. మనవాడే అయితే మంచిదేలే."

డోరక్క చేతిలో ఎవరిదో నీళ్ళసీసా ఉంది. అది ఎవరిదో గుర్తుకు రావడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

తిరుగుదారిలో ఆమె ఎప్పటిలా ముందు సీట్లోకి రాలేదు, వెనక తలుపు దగ్గరే కూర్చుంది. "రెండో వ్యానుకి బావ పేరిచ్చావా?" అని అడిగింది. నాన్న గేరు మార్చాడు. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం తల్లీ" అన్నాడు.

ఇంట్లో అడుగుపెట్టిన ఇద్దరి మొహాలూ చూసి అమ్మ చేస్తున్న పని ఆపేసింది.

"ఏమైందండీ?"

"ఏం లేదే. రెండో వ్యానుకి మా అక్క కొడుకు పేరిచ్చాను. దానికి చెబుదామనే అనుకున్నాను, ఈలోగా..."

"నాకైనా చెప్పారా?" అంది అమ్మ.

"నేను సరిగ్గా నడపలేనా నాన్నా?"

"అదేం మాటే! నాకంటే బాగా నడుపుతావు. ఊరంతా చెప్పుకుంటున్నాను కదా!"

"చెప్పుకుంటావు. ఇవ్వవు."

నాన్నకు చురుక్కుమంది. "నీకు తెలియదు. కళ్ళజోడు బాబు వాళ్ళ తాత అడిగాడు, ఆడపిల్ల చేతిలో మా పిల్లల్ని పెడతావా అని. ఒకరంటే పదిమందీ అంటారు. రేపు వ్యానుకి చిన్న గీత పడ్డా నిన్నే ఆడిపోసుకుంటారు. నిన్నెవరైనా ఒక్క మాటన్నా నేను తట్టుకోలేనే."

"అందుకని వాళ్ళు అనకముందే నువ్వే అనేశావా?"

అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. డోరక్క ఆగలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గొంతు తడబడలేదు.

"పొద్దున పాట ఆపమంటే, పాటే కదా అన్నావు. ఇంకెవరైనా పాడుంటే పోనీలే అనుకునేదాన్ని. తాళం నీదే అన్న గొంతే పక్క సీటు చాలంటుంటే నాకెంత కష్టంగా ఉందో తెలుసా? ఆ పాట పట్టుకునే కదా నేను లైసెన్సు దాకా వచ్చింది!"

"ఏదో సరదాకి రాసుంటాడే."

"ఏది సరదా? ఇది సరదా అయితే అదీ సరదానే. ఏది నిజమో నాకెలా తెలుస్తుంది?"

"పోనీ, దరువు బాగుందని విన్నాం. మాటలెవరు పట్టించుకుంటారు?"

"బాగుందండీ!" అంది అమ్మ. "అన్నం బాగా ఉడికిందని రాయిని కూడా నమిలి మింగుతారా?"

"గరుకు సంగతి వదిలెయ్ అమ్మా. అతనెక్కడో ఉంటాడు, నేనెవరో అతనికి తెలియదు." ఆమె నాన్న వైపు తిరిగింది. "నీకు తెలుసుగా నాన్నా. నువ్వే నేర్పించావు. నువ్వు కూడా రెండు పాటలు పాడితే నేను ఏది నమ్మాలి?"

ఆమె లోపలికెళ్ళిపోయింది. నాన్న కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ రాలేదు. అమ్మ డ్యూటీకి బయల్దేరుతూ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "దానికి మీరంటే ప్రాణమండీ. అందుకే అంత దెబ్బ తగిలింది" అని మాత్రం అంది.

సాయంత్రం ట్రిప్పుకి కూతురు రానంది. ఆయన ఆయమ్మను బతిమాలి తలుపు దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. పాట పెట్టబుద్ధి కాలేదు. పిల్లలందరూ "డోరక్కేది? డోరక్కేది?" అని ఒకటే గోల. బోసిపాప వచ్చి, తన వంతు సీటు కేసి ఒకసారి చూసి, వెనక్కి నడిచింది.

"ఇటు రామ్మా, ఇవాళ నీ వంతేగా?"

"వద్దంకుల్. అక్కడ కూర్చుంటే నోరు మూసుకోవాలి. వెనకైతే మాట్లాడుకోవచ్చు."

బుంగమూతి పెట్టలేదు, అలగలేదు. చల్లగా ఉంటే స్వెటర్ వేసుకుంటాను అన్నంత మామూలుగా చెప్పి వెళ్ళిపోయింది. ఆ మామూలుతనమే ఆయన్ని కోసేసింది.

పిల్లలందర్నీ దింపాక వ్యాను ఇంటి ముందు ఆపి ఆయన వెంటనే దిగలేదు. ఖాళీగా ఉన్న పక్క సీటు వైపు చూశాడు. కింద మ్యాటు మీద అరిగిపోయిన చోటు కనబడింది. ఎన్నిసార్లు తొక్కి ఉంటాడో ఆయనకే తెలియదు. తొక్కిన ప్రతిసారీ వ్యానుని ఆపింది మాత్రం కూతురే. ఒక్కసారైనా ఆలస్యంగా ఆపలేదు, ఎవరికీ తగిలించలేదు. చక్రం చేతికిచ్చినట్టే ఇచ్చి, తన కాలు మాత్రం ఏనాడూ తీయలేదు. పైగా గేటు గేటుకీ ఆగి గొప్పలు చెప్పుకున్నాడు. ఆయన స్టీరింగు మీద తల ఆనించి, పెద్దవాడై ఉండి కూడా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత కళ్ళు తుడుచుకుని మేనల్లుడికి ఫోన్ చేశాడు. ఎలా చెప్పాలో తెలియక నసుగుతుంటే అవతలి నుంచి నవ్వు వినబడింది. "బతికించావు మావయ్యా! నువ్వడిగావని కాదనలేకపోయాను గానీ, ఆ పిల్లల గోల నా వల్ల అవుతుందా? మరదలికి నా తరఫున దణ్ణం పెట్టు."

మర్నాడు పొద్దున డోరక్క ముభావంగానే బయటికొచ్చింది. పిల్లలు అడిగారని ఆయమ్మ ఫోన్ చేసి చెప్పబట్టి వచ్చింది తప్ప మనసులో బరువు దిగలేదు. వ్యాను అద్దాలు అప్పటికే తుడిచి ఉన్నాయి. నాన్న పక్క సీటు వైపు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు.

"వచ్చే వారం నుంచి కొత్త వ్యాను నీది. ఆఫీసులో చెప్పేస్తాను, మీ బావకీ చెప్పేశాను. ఈ వారం దీని మీద పిల్లల్ని అలవాటు చేసుకో."

"నన్నెవరైనా ఏమన్నా అంటే?"

"అంటే విందాం. ఇద్దరం కలిసి విందాం. తప్పు చేశాను తల్లీ."

ఆమె తాళంచెవిని గట్టిగా పట్టుకుంది. గుమ్మంలో టీ కప్పులతో నిలబడిన అమ్మ, ఇద్దరికీ కనబడకుండా చెంగుతో కళ్ళొత్తుకుంది.

కళ్ళజోడు బాబు వాళ్ళ గేటు దగ్గర తాత వ్యానుని ఎగాదిగా చూశాడు. "ఏమయ్యా డ్రైవరూ, అటు కూర్చున్నావేంటి?"

"ఈ రోజు నుంచి డ్రైవరు మా అమ్మాయండీ. మొన్న మీరడిగినప్పుడే చెప్పాల్సింది, తలూపేసి వచ్చాను. అది నా తప్పు. నాకంటే బాగా నడుపుతుంది. నమ్మకం లేకపోతే నేనిక్కడ కూర్చుంటానా చెప్పండి?"

తాత ఇంకేదో అనబోయాడు. ఈలోగా కళ్ళజోడు బాబు ఎక్కి కూర్చుని, "తాతా, లేటవుతోంది, తప్పుకో!" అని కేకేశాడు. ముసలాయన గొణుక్కుంటూ గేటు వేసుకున్నాడు.

బోసిపాప ఎక్కుతూనే ముందు సీట్లో ఉన్న నాన్నని వింతగా చూసింది. "అంకుల్, అయితే ఇవాళ నువ్వు నోరు మూసుకుంటావా?"

"నా వల్ల కాదమ్మా. నువ్వు పాడితే నేనూ పాడతాను."

"ఏ పాట?"

నాన్న కూతురి వైపు చూశాడు. "'రోడ్డు నీదే' ఇందాకటి నుంచీ పెట్టలేదు. వింటావో వినవో అని."

డోరక్క అద్దంలోంచి పిల్లల్ని చూసింది. గరుకు గొంతు వినాలంటే ఇంకా మనసు ఒప్పడం లేదు. కానీ ఆ మాటలు వదులుకోవడానికి అసలే ఒప్పడం లేదు. "పెట్టకు నాన్నా. గరుకు మాట తప్పితే మనమెందుకు తప్పాలి? మనమే పాడదాం" అంది.

బోసిపాప గొంతెత్తింది. ముందుపళ్ళు లేని నోట్లోంచి గాలి బుస్సుమంటున్నా, 'తాళం నీదే' అన్నప్పుడు వ్యాను అద్దాలు అదిరాయి. మిగతావాళ్ళందరూ అందుకున్నారు. అందరికంటే శ్రుతి తప్పింది నాన్నే.

పెద్ద మలుపు దగ్గర ఎవరో సైకిలు మీద అడ్డంగా వచ్చారు. డోరక్క నెమ్మదిగా బ్రేకు వేసింది. అలవాటుకొద్దీ, నాన్న కాలు చప్పుడు కోసం ఆమె చెవి అటు వెళ్ళింది. ఏ చప్పుడూ రాలేదు. ఒక్కసారి అటు చూసింది. మ్యాటు మీద అరిగినచోట ఆయన చెప్పులు మాత్రమే ఉన్నాయి. నాన్న సీటు మీద బాసింపట్టు వేసుకుని, రెండు చేతులతో రెండు పాదాలూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి, పాట ఆపలేదు.

సైకిలు దాటిపోయింది. ఆమె కళ్ళముందు రోడ్డంతా మసకబారింది. గబగబా తుడుచుకుంది.

"నడిపేటప్పుడు ఏడిపించకు నాన్నా," అంది, "రోడ్డు కనపడదు."