నీలిదీవి ఎయిర్‌లో ఒక ఉద్యోగం

"మీ పుస్తకంలో తప్పుంది మేడమ్!"

లంచ్ డబ్బా మూత తీయబోతున్న ఆ అమ్మాయి చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ మాట ఆమెతో అనడమంటే కోరి కొరివితో తల గోక్కోవడమేనని ఆఫీసులో అందరికీ తెలుసు. పాపం, వచ్చినవాడికి తెలీదు. నీలం ఓవరాల్స్, మోచేతుల దాకా గ్రీజు, వానకి తడిసి నుదుటికి అంటుకున్న జుట్టు. చంకలో మాత్రం ఒక్క చుక్కా తడవకుండా, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన వాళ్ళ పుస్తకం.

వాళ్ళ పుస్తకమంటే ఏడాదికోసారి వచ్చే విమానసంస్థల డైరెక్టరీ. ప్రపంచంలో ఎన్ని సంస్థలుంటే అన్ని పేజీలు. ఏది ఎప్పుడు పుట్టింది, ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎగురుతుంది, దాని ఫ్లీట్‌లో ఎన్ని విమానాలు, ఏ రకం, ఏ నంబరు, అన్నీ అందులో ఉంటాయి. ఎడిటర్ ఆమె మేనమామ. ఇంట్లో మావయ్య, ఆఫీసులో సార్. కంగారులో రెండూ కలిపేసి "మావయ్య సార్" అని నాలిక్కరుచుకుంటుంది. పేరుకి ఎడిటర్ ఆయనే గానీ, పేజీలన్నీ రాసేదీ దిద్దేదీ ఈ పిల్లే.

"ఏ పేజీ?" అంది, డబ్బా పక్కకి తోసి.

"రెండువందల పన్నెండు. ఈ కంపెనీకి ఇరవైరెండు విమానాలని రాశారు. ఇరవయ్యొక్కటే."

"మీరెళ్ళి లెక్కపెట్టొచ్చారా?"

"అక్కర్లేదండీ. ఇరవైరెండోది మా హేంగర్ వెనకాల ముక్కలవుతోంది. నేనక్కడ విమానాల మెకానిక్‌ని."

"ఎవరో వచ్చి నోటిమాటగా చెప్తే నేను దిద్దను. ఆధారం కావాలి."

అతను బ్యాగులోంచి ఒక రేకు ముక్క తీసి టేబుల్ మీద పెట్టాడు. దానిమీద సగం చెరిగిన అక్షరాలతో విమానం రిజిస్ట్రేషన్ నంబరు. "చెత్తలోకి పోయేదే లెండి, అడిగే తెచ్చాను. మీరు ఆధారం అడుగుతారని ముందుమాటలో చదివా."

ముందుమాట! ఆరేళ్ళుగా ఆమె చెమటోడ్చి రాస్తున్న ముందుమాట చదివిన మొదటి మనిషి ఈ గ్రీజు మనిషన్నమాట. కోపం రావాల్సిన చోట నవ్వొస్తే ఎంత ఇబ్బంది! ఎర్ర పెన్సిల్ తీసి ఇరవైరెండుని కొట్టేసింది.

"థాంక్సండీ. ఇంకో పదహారు ఉన్నాయి."

"పదహారా?" ఒంటికాలిమీద లేచింది. "కూర్చోండి చెప్తాను!"

కూర్చున్నాడు. సాయంత్రానికి లెక్క తేలింది. తొమ్మిది చోట్ల అతనిది రైటు, ఏడు చోట్ల ఆమెది. గాజు తలుపు అవతల నుంచి ఇదంతా వింటున్న మావయ్య తల బయటపెట్టాడు. "బాబూ, వచ్చే ఎడిషన్ ప్రూఫులు నువ్వు కూడా చూడకూడదూ? ప్రతి బుధవారం రా. మా పిల్లతో పోట్లాడి నిలబడ్డవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

అలా మొదలయ్యాయి బుధవారాలు.

డ్యూటీ దిగి తిన్నగా వచ్చేవాడు. ఆమె పేజీ చదివేది, అతను విమానాల తోకమీద ఉండే నంబర్లు సరిచూసేవాడు. "ఈ కంపెనీ వాళ్ళు సీట్లు మరీ ఇరుగ్గా పెడతారు, రాయండి," అనేవాడు. "ఇది డైరెక్టరీ, మీ మనసులో మాటల పుస్తకం కాదు," అనేది. పేజీల మీద అతని వేలిముద్రలు పడితే తిట్టిపోసేది. తర్వాత ఒక బుధవారం అతను చేతులు తెల్లగా తోముకొచ్చాడు. ఆ రోజు వేలిముద్రల్లేని పేజీలు చూస్తుంటే ఆమెకి ఏదో వెలితిగా అనిపించింది. ఆ సంగతి పైకి అంటుందా, చంపినా అనదు.

ఇంట్లో అమ్మ మాత్రం కనిపెట్టేసింది. "ఏమే, బుధవారం వస్తే అద్దం దగ్గర అరగంట?"

"ప్రూఫులమ్మా, బోలెడు పని!"

"అద్దంలో ప్రూఫులు చూస్తున్నావా?" అంది అమ్మ. ఆమె చెప్పులేసుకుని పరుగో పరుగు.

మూడు నెలలు ఇట్టే గడిచాయి. శుక్రవారం సాయంత్రం అయిదింటికి పుస్తకం ప్రెస్సుకి వెళ్ళిపోవాలి. అంతకుముందు బుధవారం, బయట వాన దంచికొడుతుంటే, అతను ఒక పేజీ తీసి ఆమె ముందు పరిచాడు.

"మీ పుస్తకం మొత్తంలో ఒక్క తప్పు కూడా లేని పేజీ ఏదో తెలుసా? ఇదే. నీలిదీవి ఎయిర్."

ఆమె గబుక్కున ఆ పేజీ లాక్కోబోయింది.

"మూడే మూడు విమానాలు. అందులో ఒకటి నీళ్ళమీద దిగే పాత రెక్కలబండి," అతను వేలుపెట్టి చదువుతున్నాడు. "సిబ్బంది పద్నాలుగు మంది. ఆలస్యమైతే కెప్టెనే దిగొచ్చి ప్రయాణికులకి కారణం చెప్తాడు. పాత విమానం చప్పుడు విని దీవిలో వాళ్ళు గడియారాలు సరిచేసుకుంటారు. అబ్బ! పనిచేస్తే ఇలాంటి చోట చెయ్యాలండీ. నాకిప్పుడు పెద్ద ఎయిర్‌లైన్ నుంచి ఆఫర్ వచ్చింది. నూట ఎనభై విమానాలు, అన్నీ ఒకే రకం. ఇక్కణ్ణుంచి ఆరుగంటల ఫ్లైటు. శుక్రవారంలోగా అవునో కాదో చెప్పాలి."

"ఏం చెప్తున్నారు?"

"కాదనే చెప్తా. నీలిదీవి వాళ్ళకి మూడు ఉత్తరాలు రాశాను. పేజీలో ఉన్న పోస్ట్ బాక్సుకి. జవాబు వచ్చేదాకా ఊళ్ళోనే ఉంటాను."

ఆమె ఆ పేజీ తీసి బోర్లా పెట్టేసింది. నీలిదీవి ఎయిర్ అనేది ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

అది డైరెక్టరీలు వేసేవాళ్ళు పన్నే వల. కష్టపడి పోగుచేసిన వివరాలు ఎవరైనా మక్కీకి మక్కీ కాపీకొట్టి తమ పుస్తకంగా వేసుకుంటే పట్టుకోవడానికి, వందల నిజమైన పేజీల మధ్య ఒక్క అబద్ధపు పేజీ పెడతారు. కాపీకొట్టినవాడి పుస్తకంలో ఆ లేని సంస్థ కనిపించిందా, దొంగ దొరికినట్టే. పోస్ట్ బాక్సు కూడా ఆఫీసుదే, నెలకోసారి తెరుస్తారు. ఆ పేజీ సంగతి మావయ్యకీ, అమ్మకీ, ఆమెకీ తప్ప నాలుగో మనిషికి తెలీదు. "ఇది ఇంటిగుట్టు. ఇంటివాళ్ళు కానివాళ్ళకి తెలిసిన రోజున ఆ పేజీ పనికిరాదు," అని మావయ్య ఆమెతో మాట తీసుకున్నాడు.

నిజం చెప్తే పేజీ పోతుంది, మాట పోతుంది, మూడునెలలుగా అబద్ధం పక్కన కూర్చోబెట్టిందని అతనికి మనసు విరుగుతుంది. ఆ పైన ఆరుగంటల ఫ్లైటెక్కి వెళ్ళిపోతాడు. నోరు మూసుకుంటే ఏమీ పోదు. వచ్చే బుధవారం కూడా వస్తాడు. నోరు మూసుకోవడం ఎంత తేలికో! ఆ సాయంత్రమంతా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది.

గురువారం పొద్దున్నే పోస్టాఫీసుకి వెళ్ళి బాక్సు తెరిచింది. మూడు ఉత్తరాలూ అక్కడే ఉన్నాయి. అంచుల్లో సన్నగా గ్రీజు మరక. ఒకటి విప్పింది.

"అయ్యా, మీ పాత విమానాన్ని ఎవరూ అమ్మేయకుండా ఉంచారంటే మీరు మంచివాళ్ళు. దాని చప్పుడు ఆగకుండా చూసుకుంటాను. మీ గురించి రాసినవాళ్ళు కూడా మీమీద ప్రేమతో రాశారని తెలిసిపోతోంది. నన్ను తీసుకోండి."

మిగతా రెండూ విప్పడానికి ధైర్యం చాల్లేదు. కళ్ళు తుడుచుకుని తిన్నగా హేంగర్ దారి పట్టింది. గొడుగు సంగతే మర్చిపోయింది.

హేంగర్ లోపల ఒక ఇంజిన్ మూత తెరిచి, నిచ్చెన ఎక్కి నడుం దాకా దానిలోపలే దూరి ఉన్నాడు అతను. ఆమెని చూసి గబగబా దిగాడు. "ఇదేంటి, ఇలా తడిసిపోయారు! ఇవాళ బుధవారం కాదే..." అంటూనే ఆమె చేతిలో ఉన్న తన ఉత్తరాలు చూశాడు.

"ఇవి మీ దగ్గరికెలా వచ్చాయి?"

"ఆ బాక్సు మాది. నీలిదీవి ఎయిర్ లేదు. ఆ మూడు విమానాలూ లేవు. కెప్టెన్ లేడు. దొంగల్ని పట్టుకోడానికి ఆ పేజీ నేనే కల్పించి రాశాను. మీ ఆఫర్‌కి కాదని చెప్పకండి. దయచేసి చెప్పకండి."

నిచ్చెన పట్టుకుని నిలబడిపోయాడు.

"తోక నంబరు తేడా వస్తే ఊరుకోని మనిషిని, ఆ పేజీకి మాత్రం ఆధారం అడగలేదు," అన్నాడు మెల్లగా. "నిజమైతే బాగుండునని గుడ్డిగా నమ్మేశాను. వెర్రివాణ్ణి."

"తప్పు నాది."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వెళ్ళిపోతారని!" మాట తన్నుకుని వచ్చేసింది. "ఇప్పుడూ వెళ్ళిపోతారు. అయినా చెప్పాను. చాలా?" ఉత్తరాలు అతని చేతిలో కుక్కి, వచ్చిన దారినే వానలోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం. మూడు దాటింది, నాలుగు దాటింది. ప్రెస్సు వ్యాన్ కింద హారన్ కొడుతోంది. మావయ్యకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, తన గదిలోకి వెళ్ళి గాజు తలుపు వేసుకున్నాడు. అది తిట్టుకన్నా ఘోరంగా ఉంది. నీలిదీవి పేజీ ప్రూఫు ఆమె టేబుల్ మీద ఉంది. కొట్టేద్దామని ఎర్ర పెన్సిల్ తీసింది. మళ్ళీ కింద పెట్టేసింది.

నాలుగూ ఇరవైకి మెట్లమీద ధనధనమని అడుగులు. గుమ్మంలో అతను. మోచేతుల దాకా గ్రీజు.

"పేజీ ఏదీ?" అన్నాడు రొప్పుతూ.

"తీసేస్తున్నాను. మీ ఆఫర్..."

"ఇవాళ మధ్యాహ్నమే కాదని చెప్పేశాను."

"మీకేమైనా పిచ్చా! ఆ సంస్థ లేదని చెప్పాక కూడానా?"

"చెప్పాకనే. రాత్రంతా కోపంగానే ఉన్నాను, అబద్ధం దేనికి! పొద్దున్న మళ్ళీ ఆ పేజీ తీశాను. సంస్థ లేదు సరే. కెప్టెన్ లేడు సరే. కానీ ఆ మాటలు రాసిన మనిషి ఉంది కదండీ. బుధవారం బుధవారం నా పక్కనే కూర్చుని నన్ను తిడుతోంది కదా. నాకు నచ్చింది ఆ దీవి కాదు, ఆవిడ. ఇంత తెలియడానికి మూడు ఉత్తరాలు దండగ చేశాను."

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

గాజు తలుపు తెరుచుకుంది. మావయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏం బాబూ, మా పేజీ గుట్టు నీకు తెలిసిపోయిందట."

"తెలిసిందండీ. ఎవరికీ చెప్పను."

"అది కుదరదు. ఇంటివాళ్ళు కానివాళ్ళకి తెలిస్తే ఆ పేజీ తీసెయ్యాలి, అది మా పద్ధతి. నాకేమో ఆ పేజీ అంటే ప్రాణం." ఆయన ఆమె వంక చూశాడు. ఆయన పెదాల చివర నవ్వు దాగడం లేదు. "తీసెయ్యకుండా ఉండాలంటే ఒక్కటే దారి. ఈ అబ్బాయి మన ఇంటివాడైపోవాలి. మీ అమ్మకి ఫోన్ చేశానే అమ్మాయ్. అద్దం ఖాళీ అవుతుంది, వెంటనే ఒప్పుకోండి అంది."

"మావయ్య సార్!" అని అరిచి, నాలిక్కరుచుకుని, మొహం రెండు చేతుల్తో కప్పేసుకుంది.

కింద వ్యాన్ మళ్ళీ హారన్ కొట్టింది. అతను ఆమె టేబుల్ మీంచి ఎర్ర పెన్సిల్ తీసి ప్రూఫు మీదకి వంగాడు. 'సిబ్బంది పద్నాలుగు మంది' అన్నచోట పద్నాలుగు కొట్టేసి పదిహేను అని రాశాడు. పక్కనే నల్లటి వేలిముద్ర పడింది.

ఆమె వేళ్ళ సందుల్లోంచి చూసింది. చేతులు దించి, గొంతు వీలైనంత కటువుగా పెట్టింది.

"ఎవరో వచ్చి రాసేస్తే నేను ఒప్పుకోను. ఆధారం?"

"ఎదురుగా నిలబడింది," అన్నాడు, ఒళ్ళంతా గ్రీజుతో.

తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి పరిశీలించి చూసింది. తర్వాత పెన్సిల్ లాక్కుని, పదిహేను పక్కన టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, వేలిముద్ర తుడవకుండానే పేజీని ప్రెస్సుకి పంపించేసింది.