లెక్కకు మించిన కాపలా

ఆ ఆఫీసులో నాలుగు గోడలకీ, పైకప్పుకీ, నేలకీ రేకు కొట్టిన గది ఒకటుంది. అందరూ దాన్ని ఇనప గది అంటారు. తలుపు బిగిస్తే బయటి సిగ్నల్ లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. ఫోన్లను పరీక్ష చేసేది అందులోనే. కిటికీ లేదు కాబట్టి పట్టపగలైనా లైటు ఆపితే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. వేడెక్కిన వైర్ల వాసన, ఎవరో ఎప్పుడో ఒలకబోసిన కాఫీ వాసన కలిసి అక్కడే ఉండిపోయాయి.

ఆ గదికో పద్ధతి ఉంది. లోపలి మాట బయటికి వినపడదు గనక, బయట కూర్చున్న మనిషి గోడ మీద తడతాడు. సిద్ధమేనా అని. లోపలి మనిషి తిరిగి తడితే, సిద్ధం, వదులు అని. అప్పుడు బయటి మనిషి ఒక తీగ గుండా పరీక్ష సిగ్నల్ లోపలికి వదులుతాడు. ఏళ్ళ తరబడి అలవాటైన పని. నిద్రలో తట్టినా చెయ్యి తిరిగి తట్టేస్తుంది.

ఆ మధ్యాహ్నం లోపల కూర్చున్నది పిన్ని. అసలు పేరు వేరే ఉంది గానీ, అక్క కూతురు పిలిచే పిలుపే ఇంట్లో, ఆఫీసులో కూడా ఆమెకి స్థిరపడిపోయింది. బల్ల మీద అక్క ఫోన్ ఉంది. అక్క లేదు. ఇంటి ముందు రోడ్డు దాటుతూ పోయింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇదే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్ళు. అక్క పోయిన రోజు నుంచి పిన్నికి ఏడుపు రాలేదు. ఆకలీ లేదు, కోపమూ లేదు. మనసు మొద్దుబారిపోయింది. పెట్టింది తింటోంది, చెప్పింది చేస్తోంది. జనం "ఎంత నిబ్బరం తల్లీ" అంటుంటే వాళ్ళ ముఖాల వైపు చూసి ఊరుకునేది.

అక్కాచెల్లెళ్ళ పనేమిటో చెప్పకపోతే కథ అర్థం కాదు. ఫోన్ లోతుల్లో కెర్నెల్ అని ఒక చోటుంటుంది. మనం వేలితో నొక్కే బొమ్మలన్నీ ముందు గదులైతే, అది ఇంటి లోపలి కొట్టు. బయటి నుంచి ఏ మాటొచ్చినా, ఏ ఫోటో వచ్చినా దాని గుమ్మం మీదుగానే రావాలి. ఆ గుమ్మం దగ్గర చిన్న చిన్న ప్రోగ్రాములు కాపలా ఉంటాయి. దీన్ని రానివ్వు, దాన్ని తోసెయ్, అంతే వాటి పని. ఫోన్ ఆన్ చేయగానే, ఏ యాప్ కళ్ళు తెరవకముందే, లోడర్ అనేది లేచి, కంపెనీ సంతకం ఉన్న కాపలాలను మాత్రమే తనిఖీ చేసి నిలబెడుతుంది. ఆ తర్వాత గడియ పెట్టేస్తుంది. ఇక కొత్త కాపలా రావడానికి వీల్లేదు. ఫోన్ కొన్నవాడు కాళ్ళ మీద పడ్డా సరే.

ఆ గడియ రాసింది అక్కే. కానీ తన సొంత ఫోన్లో మాత్రం పరీక్షల కోసం దాన్ని వదులుగా ఉంచుకునేది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసే తప్పే అది. ఊరందరికీ తాళాలు అమ్మేవాడి ఇంటికి తాళం ఉండదు కదా!

అక్క పోయాక ఆ ఫోన్‌ని బావ ఆపలేదు. చార్జింగ్‌లో పెట్టే ఉంచాడు, కూతురి కోసం. బడికి వెళ్ళే వయసు పిల్ల. ఎప్పుడూ కిచకిచలాడేదని దాన్ని పిచ్చుక అనేవాళ్ళు. ఇప్పుడు ఆ కిచకిచలు లేవు. పడుకునే ముందు అమ్మ ఫోన్లో ఆమె గొంతుతో రికార్డై ఉన్న ఒకే ఒక్క మాట వింటుంది. "అన్నం తినేసి పడుకో బంగారం, వచ్చేస్తున్నా." అది విని కళ్ళు మూసుకుంటుంది.

మొన్న తెల్లవారుజామున పిచ్చుక మంచం మీద లేదు. బావ బయటికి పరిగెత్తితే, గేటు దగ్గర చెప్పులేసుకుని నిలబడి ఉంది. ఎదురుగా రోడ్డు.

"ఎక్కడికే తల్లీ?"

"ఫోన్లోంచి రమ్మన్నారు నాన్నా."

"ఎవరు? అమ్మా?"

పిల్ల రోడ్డు వైపే చూస్తోంది. నిన్న కూడా అంతే. ఈసారి గేటు గడియ తీసి ఉంది. బావ ఫోన్ లాక్కుంటే పిల్ల ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోయింది. చివరికి బావ ఆ ఫోన్ తెచ్చి పిన్ని చేతిలో పెట్టాడు. "నాకున్నది అదొక్కతే. ఆ రోడ్డు దాన్ని కూడా మింగేస్తే నేను బతకను. ఇందులో ఏముందో చూడమ్మా, నీకు దణ్ణం పెడతాను."

పిన్ని దెయ్యాన్ని నమ్మే మనిషి కాదు. ఎవడో వెధవ గడియ వదులుగా ఉండటం చూసి దూరి ఉంటాడు, అక్క గొంతు దొంగిలించి పిల్లని పిలుస్తున్నాడు అనుకుంది. అందుకే ఇనప గది.

తలుపు బిగించింది. ఫోన్‌ని లాప్‌టాప్‌కి కలిపి కెర్నెల్‌లో కాపలాలెన్నో చూసింది.

ఒకటి ఎక్కువుంది.

సంతకం లేదు. పేరు లేదు. లోపలికొచ్చే దారిలో అందరికంటే ముందు నిలబడి ఉంది. దొరికావురా అనుకుంది పిన్ని. కంచే చేను మేయడమంటే ఇదే. ప్రతి కాపలాకీ ఒక లెక్క ఉంటుంది, తన దగ్గరికి ఎన్ని వచ్చాయో చెప్పేది. దీని లెక్క చూసింది. పెరుగుతోంది. తీరిగ్గా, ఒక్కొక్కటిగా. మనిషి నడిచినంత నిదానంగా.

ఇనప గదిలో... పెరుగుతోంది.

వైఫై చూసింది. ఆపే ఉంది. సిమ్ తీసే ఉంది. సిగ్నల్ గీత ఒక్కటి లేదు. ఏ దారినా ఏదీ రాని చోట, ఈ కాపలా ముందుకి వస్తున్నదేమిటి? ఒళ్ళు జలదరించాలి. జలదరించలేదు. వేళ్ళు మాత్రం చల్లబడ్డాయి. ఎందుకన్నదో తనకే తెలీదు గానీ, ఫోన్ మీదికి వంగి నెమ్మదిగా అంది.

"అక్కా?"

లెక్క ఆగింది.

గదిలో లాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. కాఫీ వాసన పోయి ఇంకేదో వాసన. తడిసిన తారు వాసన... వాన పడ్డ రోడ్డు వాసన.

"నువ్వేనా అక్కా?"

టక్. టక్.

గోడ మీద తట్టిన చప్పుడు. పిన్ని ఉలిక్కిపడి, వెంటనే తేలికపడింది. బయట తుమ్ములాయన ఉంటాడు కదా. ఇనప గది దుమ్ము పడక జీవితమంతా తుమ్ముతూ గడిపే ముసలి ఇంజనీరు. సిద్ధమేనా అని అడుగుతున్నట్టున్నాడు. ఈయన చాదస్తం ఈయనదీ అనుకుంటూ, అలవాటు కొద్దీ చెయ్యి చాపి గోడ మీద తిరిగి తట్టేసింది.

సిద్ధం. వదులు.

లెక్క కదిలింది. నడక కాదు ఇప్పుడు. పరుగు. తెర మీద అంకెలు గుర్తుపట్టలేనంత వేగంగా దొర్లిపోతున్నాయి. పిన్ని పరీక్ష సిగ్నల్ వచ్చే తీగ వైపు చూసింది.

తీగ చుట్ట చుట్టి మూల పడేసి ఉంది. దేనికీ తగిలించి లేదు.

టక్. టక్. ఈసారి వెనక గోడ. టక్. పైకప్పు. టక్ టక్... నేల. ఆమె అరికాళ్ళ కింద.

ఫోన్ కాలిపోతోంది. ఆ ఎక్కువైన కాపలా ఇంకా అక్కడే ఉంది, ముందు నిలబడి, లెక్క పెంచుకుంటూ. వీటినన్నిటినీ పిలుస్తున్నది ఇదే... అంతా దీనివల్లే... పిన్ని దాని నకలు లాప్‌టాప్‌లోకి లాగింది. చదవలేదు. అక్క పని నేర్పిన కొత్తలో తల మీద మొట్టి మరీ చెప్పేది, తెలియనిదాన్ని చదివాకే చంపాలే మొద్దూ అని. ఇప్పుడు చదివే వ్యవధి ఎక్కడ? ఇలాంటి ప్రోగ్రాముకి ప్రాణం ఫోన్ నడుస్తున్నంతసేపే. ఆపితే పోతుంది.

పవర్ బటన్ మీద వేలు పెట్టింది. ఫోన్ ఆమె చేతిలో చిన్నగా అదిరింది. ఒకసారి. ఆగి, మళ్ళీ ఒకసారి. బతిమాలినట్టు.

నొక్కి పట్టుకుంది.

తెర నల్లబడింది. చప్పుళ్ళన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఎంత నిశ్శబ్దమంటే, చుట్టూ నిలబడ్డవాళ్ళందరూ ఒకేసారి నోరు మూసుకున్నట్టు.

తర్వాత పిన్ని వదులు గడియ ఉన్న సిస్టమ్‌ని తీసేసి, బజారులో ఫోన్లకి వచ్చే గట్టి గడియ సిస్టమ్ ఎక్కించింది. ఫోన్ లేచింది. లోడర్ తన కాపలాలను నిలబెట్టి గడియ వేసేసింది. లెక్క చూసింది. సరిపోయింది. ఎక్కువైనది లేదు. ఇక ఎవరూ దూరలేరు.

తలుపు తీస్తే ఎదురుగా తుమ్ములాయన, చేతిలో టిఫిన్ డబ్బాతో, అప్పుడే మెట్లెక్కి వస్తున్నాడు.

"భోజనానికి పోయి ఇప్పుడే వస్తున్నా. ఏంటమ్మా, ముఖం అలా పాలిపోయింది?"

"ఇందాక గోడ మీద తట్టింది మీరు కాదా?"

"నేనా? ఆ గోడ దగ్గరికొస్తేనే నాకు తుమ్ము..." అంటూ నిజంగానే తుమ్మాడు.

పిన్ని బ్యాగు సర్దుకుంది. ఏమైతేనేం, అయిపోయింది కదా అని తనకి తానే చెప్పుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. బావ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "పోయింది బావా," అంది. బావ రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. పిన్నికి ఏడుపు రాలేదు. పిచ్చుక పెట్టినంత అన్నం తింది. ఫోన్ ఇస్తే తీసుకుని, అమ్మ మాట వినకుండానే దిండు పక్కన పెట్టుకుంది. పిల్ల దారిలో పడిందని బావ ఎన్నాళ్ళకో కుర్చీలో కునుకు తీశాడు.

పిన్ని మంచం పక్కన నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. చంపినదాన్ని ఇప్పుడు చదివింది.

చిన్న ప్రోగ్రాము. రెండో వరుస దాటకముందే ఎవరు రాశారో తెలిసిపోయింది. కూర నోట్లో పెట్టుకోగానే ఎవరి చేతి వంటో తెలిసినట్టే ఇదీ. ఇన్నేళ్ళు పక్క కుర్చీలో కూర్చుంది, అక్క చెయ్యి తనకి తెలీదా? కింద దాకా చదివింది. మళ్ళీ చదివింది. పిలిచే వరుస ఒక్కటి లేదు. రానిచ్చే వరుసా లేదు. ఉన్నది ఒకటే పని. ఏది వచ్చినా, ఎన్ని వచ్చినా, వెనక్కి తోసెయ్.

ఆ లెక్క లోపలికి వచ్చినవాటిది కాదు. తోసేసినవాటిది.

"అయ్యో అక్కా..." అంది. నకలుని మళ్ళీ ఫోన్లోకి ఎక్కించబోయింది. అనుమతి లేదు అంది ఫోన్. ఇంకోసారి. అనుమతి లేదు. అక్క రాసిన గడియ, చెల్లెలు బిగించిన గడియ. అక్క వచ్చి తట్టినా అది తెరుచుకోదు.

"పిన్నీ," మంచం మీంచి గుసగుసగా పిలిచింది పిచ్చుక. నిద్రపోలేదు.

"ఏంటి తల్లీ?"

"అమ్మని ఎందుకు పంపించేశావు?"

పిన్ని తెర మీంచి తలెత్తి చూసింది.

"వాళ్ళు పిలిచినప్పుడల్లా అమ్మ వెళ్ళొద్దనేది. గేటు దగ్గర కూడా అమ్మే ఆపింది. నాన్నకి చెప్తే భయపడతాడని చెప్పలేదు."

పిన్ని దిండు పక్కనున్న ఫోన్ లాక్కుని ఆపేసింది. కింద పడేసి కాలితో తొక్కింది. అద్దం పగిలింది. బావ కుర్చీలో కదిలాడు గానీ లేవలేదు. పిచ్చుక దాన్ని చూసి ఏడవలేదు, అరవలేదు. పెద్దవాళ్ళు తెలియక ఏదో చేస్తే పిల్లలు జాలిగా చూస్తారే, అలా చూసింది.

"ఇప్పుడు ఆపితే ఏం లాభం పిన్నీ? లోపలికి వచ్చేశారుగా."

"ఎవరే? ఎవరొచ్చారు?"

పిల్ల గోడ వైపు తిరిగి, మంచం మీద కాస్త జరిగింది, పక్కన ఇంకొకరు పడుకునేంత చోటు వదిలి.

పిన్ని లేవాలనుకుంది. ఆ చోట్లో తను పడుకోవాలని, పిల్లని కరుచుకోవాలని అనుకుంది. కాళ్ళు లేవలేదు. ఒంట్లో ఏదీ కదల్లేదు.

దుప్పటి నెమ్మదిగా అణిగింది.

"సరే," అంది పిచ్చుక ఎవరితోనో, మర్యాదగా. ఇంకాస్త జరిగింది.

ఇంకాస్త...