ఒక్కపూట వాసన

వాసనల భాండారంలో, చలిపెట్టెలోంచి పోయిన మనిషి ఒంటి రాత ఉన్న సన్నటి దారం, మూలపోగు, తీసి, వెచ్చబెట్టి విప్పి, దానికి నకలుపోగు కట్టించి, ఆ నకలు కలిసిన చుక్కను కుండీలోని మొక్క ఆకుకు పూయడం నూకరత్నానికి రోజూ ఉన్న పనే. కాసేపటికి ఆకు ఆ రాత చదువుకుని, పోయినవాళ్ల ఒంటి వాసన వేస్తుంది. పొద్దుగుంకేసరికి నకలు దానంతటదే చీకిపోతుంది. ఏడాదికోసారి, పోయిన తిథినాడు, ఒక్కపూట. మూలం మాత్రం గడప దాటకూడదు, దానికి జంటగా మరో మూలం పుట్టించకూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, భాండారం కట్టడి అది.

ఆవేళ బంగారమ్మ వచ్చింది. ఉప్పెనలో కూతురు మాలచ్చిని పోగొట్టుకున్న మనిషి. ఏటా అదే బల్ల మీద కూర్చుని, తలంటిన పిల్ల నడినెత్తి వాసన ఆకులో పీల్చుకుని, చీకటిపడ్డాక లేచి వెళ్తుంది.

ఈసారి తెర మీద పోగును నూకరత్నం పెద్దది చేసి మళ్లీ చూసింది. విప్పినప్పుడల్లా అరిగి అరిగి, వాసన రాసి ఉన్నచోట పీచుపీచైంది. ఇంకొక్కసారి విప్పితే తెగిపోతుంది. విప్పకపోతే పెట్టెలో నిక్షేపంగా ఉంటుంది, ఎవరికీ దేనికీ కాకుండా.

 బంగారమ్మకు మంచినీళ్లిచ్చి, ఆ కబురూ ఈ కబురూ చెప్పి, చివరికి ఈ పూట వాసన చూసుకుంటే ఇదే ఆఖరని చెప్పేసింది. తర్వాత గొంతు తగ్గించి, ఇంకో దారి ఉందంది. మూలాన్నే మొక్క మొవ్వులో, లేతచిగురు నడుమ, పెడితే, చిరిగినచోటు మొక్కే కుట్టుకోవచ్చు. అతుక్కుంటే పూతకీ గింజకీ దిగుతుంది. అతుక్కోకపోతే ఈ పూట వాసనా లేదు, మూలమూ లేదు. తన ఉద్యోగం సంగతి మాత్రం ఎత్తలేదు.

బంగారమ్మ బల్ల మీది కుండీని దగ్గరకు లాక్కుంది. ఈ ఒక్కపూట కోసమే ఆమె ఏడాదంతా బతుకుతుంది.

"నాను పోతే దీన్నెవులడుగుతారమ్మా? ఆ పెట్టెలో సలికి పడుంటాది. మొక్కలో పెట్టీ."

"బతకదేమో పిన్నీ."

"ఉప్పెనలో దాని సెయ్యి ఒగ్గీసినాను. ఇప్పుడూ నానే ఒగ్గుతన్నాను. ఈపాలి గట్టుమీదకి."

నూకరత్నం కళ్లు తుడుచుకుని, పోగును మొవ్వులో దించింది. బంగారమ్మ కుండీని చంకన ఎత్తుకుంది. గడప దగ్గర ఆగి, అలవాటుకొద్దీ ఆకు మీద ముక్కు పెట్టింది. పచ్చి ఆకు వాసన తప్ప ఏమీ లేదు. మొదటిసారిగా ఎండ ఉండగానే ఇంటికి వెళ్లిపోయింది, ఏడ్చుకుంటూ.

వరసలో ఆమె వెనకే నిలబడిన అప్పలస్వామి ఇదంతా విన్నాడు. భార్య పోయినప్పటినుంచీ ఏటా వచ్చే ముసలాయన. అతని వంతు కుండీ, ఆకుకు నకలు పూసి, సిద్ధంగా ఉంది. దాన్ని నెమ్మదిగా వెనక్కి తోశాడు.

"నాకీ నకలొద్దమ్మా. మా ఇంటిదాన్నీ పంపీ."

అతని వెనక నిలబడ్డవాళ్లంతా నూకరత్నం చేతులకేసే చూస్తున్నారు. ఆమె చలిపెట్టె మూత వెయ్యలేదు.