ఎగ్జిట్ లైటులో బావ

“ఏదో ఒకటి తీసుకో. టైమ్ లేదు,” అన్నాడు చీఫ్.

బల్ల మీద మూడు రేడియో బోర్డులున్నాయి. ఏజెంట్ డేగ వాటినే చూస్తున్నాడు.

ఎదుటి ఎనిమిదంతస్తుల భవనంలో విదేశీ ముఠా చిన్న చిన్న రేడియోలు దాచింది. అవి సందేశాన్ని చేతులు మార్చుకుంటూ పంపుకుంటాయి. ఒకటి పీకేస్తే మిగతావి ఇంకో దారి వెతుక్కుంటాయి. మెష్ నెట్‌వర్క్! దేనికి పెట్టారో తెలియదు; లోపలికెళ్లి వాటి మాటలు వింటేనే తెలుస్తుంది. ముఠా గుట్టు విప్పే సాక్షి మాత్రం కాసేపట్లో ఆ భవనం పై అంతస్తులోనే వాంగ్మూలం ఇవ్వాలి.

“వాయిదా వేస్తే?”

“మళ్లీ నోరు విప్పడు.”

డేగ మొదటి బోర్డు పక్కకు జరిపాడు. “వైఫై. బ్యాటరీని తాగేస్తుంది.” రెండోదీ జరిపాడు. “లాంగ్ రేంజ్. ఊరవతలికి వినిపిస్తుంది గానీ, వాళ్ల భాష దీనికి రాదు.”

“అందుకే ఇది,” అంటూ హార్డ్‌వేర్ ఆఫీసర్ మూడోదాన్ని ఎర్రటి గోటితో ముందుకు నెట్టింది. ఆఫీసంతా ఆమెను సెంటు మేడమ్ అంటారు. ఆమె వెళ్లిపోయాక కూడా గది గుబాళిస్తూనే ఉంటుంది. “వాళ్లు వాడే చిప్పే. గుండీ బ్యాటరీతో ఏడాది నడుస్తుంది.”

మంచి బోర్డే. డేగ చెయ్యి దానిదాకా వెళ్లి ఆగింది. జేబులోంచి మూల విరిగి, టేపు చుట్టిన పాత బోర్డు తీశాడు. అదే చిప్పు.

ఆమె ముఖం చిట్లించింది. “చచ్చిపోయినాయన వస్తువు!”

“బావది. దీని రోగాలన్నీ నాకు తెలుసు మేడమ్. కొత్తదాని రోగం అక్కడికెళ్లాక గానీ బయటపడదు.”

ఈ డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేసిన బావ అలాంటివి రెండు చేశాడు. ఒకటి డేగకిచ్చాడు. పోయిన నెల ఆ భవనం మెట్ల కింద ఆయన శవం దొరికింది, రెండో బోర్డు దొరకలేదు. కాలు జారిందని రాసుకున్నారు. అక్క ఇప్పటికీ ఆయన ఫోన్‌కి ఛార్జింగ్ పెడుతోంది. డేగ అప్పట్నుంచి ఆ మెట్ల ఛాయలకు పోలేదు.

ఇవాళ ఏసీ మెకానిక్ వేషంలో అవే మెట్లెక్కి, మూడో అంతస్తులో బోర్డు ఆన్ చేశాడు.

బ్యాటరీ రేడియోలు ఎక్కువసేపు నిద్రపోతాయి. లేచినప్పుడల్లా, నిద్రపోకుండా కరెంటు మీద నడిచే రేడియోను “నాకేమైనా ఉందా?” అని అడుగుతాయి. అది అందాకా సందేశాన్ని దాచి ఉంచుతుంది.

బోర్డు అడిగింది.

చిన్న తెర మీద అక్షరాలు మెరిశాయి: “బామ్మర్దీ, లేటయ్యావు.”

డేగ తలెత్తాడు. మెట్ల పైన ఎగ్జిట్ లైటు పచ్చగా వెలుగుతోంది. ఆ డబ్బా సందులోంచి రెండో బోర్డు కనిపించింది, కరెంటుకు తగిలించి ఉంది. ఇన్నాళ్లూ అతని కోసమే ఎదురుచూసింది.

“ఇక్కడ ఫోన్ అందడం లేదు. లిఫ్టు బ్రేకుకి వాళ్ల రేడియో ఉంది. లిఫ్టును పైకి తీసుకెళ్లి కిందికి వదిలేస్తారు. సెంటు మేడమ్ మన మనిషి కాదు, వాళ్ల మనిషి. మెట్ల మీద ఆ వాసన... దగ్గరికొస్తోంది”

అంతే. చుక్క కూడా పెట్టలేదు.

డేగ వైర్‌లెస్ నొక్కాడు. “సార్, మేడమేదీ?”

“సాక్షిని లిఫ్టెక్కించి మెట్ల వైపు వెళ్లింది. ఏం?”

గోడ అవతల లిఫ్టు గుర్రుమంటూ పైకి పోతోంది.

డేగ తెర మీద ముఠా నెట్‌వర్క్ చూశాడు. వాళ్లు ఖరీదైన రేడియోలు కొన్నారు గానీ, తలుపు గడియ వేయడం మరిచారు, పాస్‌వర్డే లేదు. అవి బలమైన సిగ్నల్ వెతుక్కుంటూ పోయి బావ డబ్బానే పట్టుకున్నాయి. బ్రేకు రేడియోకి ఏ ఆర్డరైనా బావ చేతి మీదుగానే పోవాలి.

ఆర్డర్ వచ్చింది: బ్రేకు వదులు.

బ్రేకు రేడియో ఇంకా నిద్రలోనే ఉంది. ఆ ఆర్డర్‌ని చెరిపేయమని డేగ డబ్బాకి కొట్టాడు. “ఇవ్వకు బావా!” అన్నాయి పెదవులు.

రేడియో లేచింది. నాకేమైనా ఉందా?

ఏమీ లేదు, అంది డబ్బా.

మళ్లీ నిద్రపోయింది. పైన లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. “ఫ్యాన్ కూడా లేదేంటయ్యా ఇందులో!” అని సాక్షి విసుగు.

కింది మెట్ల మీద గుప్పున సెంటు వాసన. ఆమె చేతిలో రిమోట్ ఉంది. “కొత్తది తీసుకోమన్నానుగా!”

“తీసుకుంటే బావతో మాట్లాడేవాణ్ని కాదు మేడమ్. మీ గురించి కూడా చెప్పాడు.”

ఆమె మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఒక్కసారి వెనక్కి చూసింది. ఎవరూ లేరు. అయినా రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుంది. రిమోట్ కిందపడి మెట్టు మెట్టుకీ టకటకలాడింది. వైర్‌లెస్‌లో ఈ మాటలు విన్న కాపలావాళ్లు వచ్చి లాగేదాకా ఆమె పట్టు వదల్లేదు.

సాయంత్రం చీఫ్ అన్నాడు, “వాళ్ల రేడియోలన్నీ పీకించాం. ఆ ఎగ్జిట్ లైటులోది కూడా తెచ్చెయ్. స్టోర్‌లో పడేద్దాం.”

“దాన్నక్కడే ఉండనివ్వండి సార్,” అన్నాడు డేగ. “మన డిపార్ట్‌మెంట్‌లో నిద్రపోకుండా డ్యూటీ చేసేది ఆయనొక్కడే.”